రెండు బిల్లులు, రెండు ధరలు: పదో తరగతి సమీకరణాల పాఠంలో మీరు పిల్లలకు ఎలా తోడుండవచ్చు



పదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో లెక్కల నోటుబుక్కు తెరిస్తే త్వరలోనే ఒక పాఠం కనిపిస్తుంది. ఇంగ్లిష్ మీడియం పుస్తకంలో దాని పేరు ‘పెయిర్ ఆఫ్ లీనియర్ ఈక్వేషన్స్ ఇన్ టూ వేరియబుల్స్’. తెలుగు మీడియంలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’. పేరు పెద్దదే కానీ, విషయం మాత్రం మనం బజారులో రోజూ చేసే పనే.

పేరెంట్-టీచర్ మీటింగుల్లో ఈ పాఠం గురించి మాకు రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి: “సమీకరణాలు ఇచ్చేస్తే టకటకా చేసేస్తాడండీ. అదే లెక్క మాటల్లో ఇస్తే పెన్ను కదలదు.” రెండోది: “మేం చదివి ఇరవై ఏళ్లయింది. మేమేం చెప్పగలం?”

ఇంకో మాట పైకి వినిపించదు గానీ, దానికే బరువెక్కువ. ఇంటర్‌లో ఎంపీసీనా, బైపీసీనా అన్న చర్చ చాలా ఇళ్లలో ఈ ఏడాదే మొదలవుతుంది. సరిగ్గా ఇలాంటి పాఠం దగ్గర ఒకటి రెండు యూనిట్ టెస్టుల్లో మార్కులు తగ్గితే, పిల్లలు “నాకు మ్యాథ్స్ రాదు” అని తమకు తామే తీర్పు చెప్పేసుకుంటారు. ఆ తీర్పు నిజమో కాదో తేల్చుకోవాలంటే, పెన్ను ఎక్కడ ఆగుతోందో ముందు చూడాలి. అది చూడడానికి మీరు లెక్కల మాస్టారు కానక్కర్లేదు.

ఒక్క బిల్లు చాలదు

టిఫిన్ సెంటర్‌లో రెండు ప్లేట్ల ఇడ్లీ, మూడు టీలు తీసుకున్నారు. బిల్లు 125 రూపాయలు అయింది. గోడ మీద ధరల పట్టిక లేదు. ఇడ్లీ ప్లేటు ఎంత? టీ ఎంత?

ఈ ప్రశ్న మీ అబ్బాయినో అమ్మాయినో అడిగి చూడండి. ఇడ్లీ 40, టీ 15 అనవచ్చు. ఇడ్లీ 25, టీ 25 అన్నా లెక్క సరిపోతుంది. ఇడ్లీ 55, టీ 5 అన్నా సరిపోతుంది. ఏదీ తప్పు కాదు. తెలియనివి రెండున్నాయి, మన చేతిలో ఉన్న సమాచారం మాత్రం ఒక్కటే. అందుకే జవాబు ఒక్కచోట నిలవదు.

ఇడ్లీ ప్లేటు ధర ఎక్స్ రూపాయలు, టీ ధర వై రూపాయలు అనుకుంటే ఈ బిల్లు ఇలా అవుతుంది:

2ఎక్స్ + 3వై = 125

గ్రాఫ్ కాగితం మీద పైన చెప్పుకున్న మూడు జతలనూ మూడు చుక్కలుగా పెడితే అవి ఒకే గీత మీదకు వస్తాయి. ‘లీనియర్’ అన్నా ‘రేఖీయ’ అన్నా అర్థం ఇదే. ఆ గీత మీది ప్రతి చుక్కా ఈ ఒక్క సమీకరణానికి జవాబే.

రెండో బిల్లు వచ్చాక మూడు దారులు

మర్నాడు అదే టిఫిన్ సెంటర్‌కి మళ్లీ వెళ్లారు. ఇప్పుడు ఏం జరగవచ్చో చూద్దాం.

మొదటి దారి: మూడు ప్లేట్ల ఇడ్లీ, రెండు టీలకు 150 అయింది. ఇది కొత్త సమాచారం. గ్రాఫ్ మీద ఇంకో గీత వస్తుంది. రెండు గీతలూ ఒక్కచోట ఖండించుకుంటాయి. ఆ చుక్క దగ్గర ఇడ్లీ 40, టీ 15. రెండు బిల్లులకూ సరిపోయే ధరల జత అదొక్కటే.

రెండో దారి: నాలుగు ప్లేట్ల ఇడ్లీ, ఆరు టీలకు 250 అయింది. బిల్లు రెండోదే అయినా మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. నిన్నటిదే రెట్టింపయింది. గ్రాఫ్ మీద ఒక గీత మీదే ఇంకో గీత పడుతుంది. జవాబులు మళ్లీ అనంతం.

మూడో దారి: నాలుగు ప్లేట్ల ఇడ్లీ, ఆరు టీలకు 260 అన్నారు. నిన్నటి ధరలే ఉంటే 250 కావాలి కదా! అంటే రాత్రికి రాత్రి ధర మారి ఉండాలి, లేదా బిల్లు తప్పు వేసి ఉండాలి. రెండింటికీ సరిపోయే ధరల జత ఒక్కటి కూడా లేదు. గ్రాఫ్ మీద ఈ రెండు గీతలూ సమాంతరంగా వెళ్తాయి, ఎక్కడా కలవవు.

పుస్తకంలో ఇవే ‘ఏకైక సాధన’, ‘అనంత సాధనలు’, ‘సాధన లేదు’ అన్న మూడు శీర్షికల కింద ఉంటాయి. పక్కనే గుణకాల నిష్పత్తులు పోల్చే పట్టిక ఉంటుంది. పిల్లలు ఆ పట్టికను బట్టీ పట్టి, పరీక్షలో రెండో వరుసనూ మూడో వరుసనూ తారుమారు చేస్తారు. బిల్లుల కథ గుర్తుంటే ఆ పట్టికను తామే రాసుకోగలరు. రెండో దారిలో ఇడ్లీల నిష్పత్తి 2/4, టీల నిష్పత్తి 3/6, డబ్బుల నిష్పత్తి 125/250. మూడూ సమానం, కాబట్టి బిల్లు అదే. మూడో దారిలో మొదటి రెండూ సమానమే గానీ 125/260 వేరు, కాబట్టి ఆ రెండు బిల్లులకూ పొత్తు కుదరదు.

సమీకరణాలను కలపడం, తీసేయడం ఎందుకు కుదురుతుంది?

‘ఎలిమినేషన్’ పద్ధతిలో పిల్లలు రెండు సమీకరణాలను ఒకదాని కింద ఒకటి రాసి కలుపుతారు, లేదా ఒకదానిలోంచి ఇంకొకటి తీసేస్తారు. “అలా ఎందుకు చేయొచ్చు?” అని అడిగితే చాలామంది “సార్ చెప్పారు” అంటారు. ఈ ప్రశ్న మీ ఇంట్లోనూ వేయండి.

జవాబు బిల్లుల్లోనే ఉంది. మొదటి రోజు 125, రెండో రోజు 150. రెండు రోజులదీ కలిపి ఒకే బిల్లు వేయమంటే ఐదు ప్లేట్ల ఇడ్లీ, ఐదు టీలు, 275 రూపాయలు. సమీకరణాలను కలపడమంటే ఇంతే. 275ను ఐదుతో భాగిస్తే ఒక ఇడ్లీ ప్లేటూ ఒక టీ కలిపి 55.

ఇప్పుడు రెండు బిల్లుల తేడా చూడండి. రెండో రోజు ఒక ఇడ్లీ ఎక్కువ తిన్నారు, ఒక టీ తక్కువ తాగారు. బిల్లు 25 పెరిగింది. అంటే ఇడ్లీ ప్లేటు టీ కంటే 25 ఎక్కువ. మొత్తం 55, తేడా 25. ఇడ్లీ 40, టీ 15.

అంకెలు ఇంత అందంగా అమరనప్పుడు పుస్తకంలో చెప్పినట్టు గుణించి సరిచేస్తాం. మొదటి బిల్లును మూడింతలు చేస్తే 6ఎక్స్ + 9వై = 375. రెండోదాన్ని రెండింతలు చేస్తే 6ఎక్స్ + 4వై = 300. రెండు పెద్ద బిల్లుల్లోనూ ఇడ్లీలు సమానమయ్యాయి. కాబట్టి డబ్బులో ఉన్న 75 తేడా పూర్తిగా ఐదు టీలదే. టీ 15. తెలియని రెండింటిలో ఒకదాన్ని సమానం చేసి పక్కకు తప్పించాం. ‘తొలగించే పద్ధతి’ అన్న పేరు అందుకే వచ్చింది.

పన్నెండు వందల ఏళ్ల కిందటి పళ్ల లెక్క

ఈ లెక్కలు విదేశాల నుంచి వచ్చాయని పిల్లలు అనుకుంటారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడనే జైన గణిత శాస్త్రవేత్త సంస్కృతంలో ‘గణితసార సంగ్రహం’ రాశాడు. అందులో ఒక లెక్క సారాంశం ఇది: తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపళ్లు కలిపి వెల 107. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపళ్లు కలిపి వెల 101. ఒక్కో పండు వెల ఎంత?

పైన చెప్పుకున్న ఉపాయమే వాడండి. రెండూ కలిపితే పదహారు మాదీఫలాలు, పదహారు వెలగపళ్లు, 208. అంటే ఒక్కో జత 13. రెండింటి తేడా తీస్తే రెండు మాదీఫలాలు రెండు వెలగపళ్ల కంటే 6 ఎక్కువ. అంటే ఒక్కో పండుకు తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5. పెన్ను కాగితం లేకుండానే చేయగలిగిన లెక్క ఇది.

తెలుగువాళ్లకు ఈ గ్రంథంతో దగ్గరి చుట్టరికం ఉంది. పావులూరి మల్లన ఈ గ్రంథాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరుపొందినది అదే. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే వెలగపండును చూసినప్పుడు ఈ లెక్క పిల్లలకు గుర్తుచేయండి. పుస్తకంలో చదివినదానికంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

చైనాలో దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి ‘తొమ్మిది అధ్యాయాలు’ అనే గణిత గ్రంథంలోనూ ఈ తొలగించే పద్ధతి ఉంది. అక్కడ మూడు రకాల ధాన్యపు కట్టల నుంచి ఎంతెంత గింజ వస్తుందో కనుక్కునే లెక్కలున్నాయి. ఇంజినీరింగ్‌లో దీన్నే జర్మన్ గణితవేత్త గౌస్ పేరుతో నేర్పుతారు.

నోట్ల లెక్క: నోటితో చేసేదీ బీజగణితమే

పర్సులో 50 నోట్లు, 100 నోట్లు కలిపి ఇరవై ఉన్నాయి. మొత్తం 1,400 రూపాయలు. ఏవి ఎన్ని?

ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చాలామంది ఇలా చెబుతారు: “అన్నీ యాభైలే అనుకో, వెయ్యి అవుతుంది. ఇంకా నాలుగు వందలు కావాలి. ఒక యాభై తీసి వంద పెడితే యాభై పెరుగుతుంది. అలా ఎనిమిదిసార్లు మార్చాలి. కాబట్టి వందలు ఎనిమిది, యాభైలు పన్నెండు.”

మీ అమ్మాయి ఇదే లెక్కను ‘సబ్‌స్టిట్యూషన్’, అంటే ప్రతిక్షేపణ పద్ధతిలో చేస్తుంది. యాభై నోట్ల సంఖ్య ఎక్స్, వంద నోట్ల సంఖ్య వై.

ఎక్స్ + వై = 20, కాబట్టి ఎక్స్ = 20 – వై

50(20 – వై) + 100వై = 1,400

1,000 + 50వై = 1,400

వై = 8, ఎక్స్ = 12

మూడో వరుసను ఒకసారి చూడండి. ‘1,000’ అంటే తాతయ్య అన్న “అన్నీ యాభైలే అనుకో”. ‘50వై’ అంటే “ఒక్కో మార్పుకు యాభై పెరుగుతుంది”. రెండూ ఒకటే ఆలోచన. ఒకటి నోటితో, ఇంకొకటి రాతతో. “మాకు ఆల్జీబ్రా రాదు” అనుకునే తల్లిదండ్రులూ తాతయ్యలూ నిజానికి దాన్ని చాలాకాలంగా చేస్తూనే ఉన్నారు. పిల్లలకు ఈ రెండు దారులూ పక్కపక్కన చూపిస్తే, సమీకరణం మీద భయం సగం తగ్గుతుంది.

మీరు చదువుకున్న రోజుల్లో ‘అడ్డ గుణకార పద్ధతి’ కూడా ఉండి ఉండవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకంలో అది లేదు. మీ అబ్బాయికి అది తెలియదంటే పాఠం వదిలేశాడని అనుకోకండి.

పెన్ను ఆగే చోటు

మాటల లెక్కలు రాని పిల్లల్లో చాలామందికి సాధించడం వచ్చు. మాటల్లోంచి సమీకరణం రాయడం దగ్గర ఆగిపోతారు. అక్కడ మూడు పొరపాట్లు తరచుగా కనిపిస్తాయి.

మొదటిది, అక్షరం దేనికి గుర్తో తేల్చుకోకపోవడం. ‘ఎక్స్ = ఇడ్లీ’ అని రాస్తారు. ఇడ్లీ ఒక సంఖ్య కాదు. ‘ఒక ప్లేటు ఇడ్లీ ధర ఎక్స్ రూపాయలు అనుకుందాం’ అని పూర్తి వాక్యం రాయాలి. తెలియని సంఖ్యకు ఒక పేరు పెట్టుకోవడమే అక్షరం పని. భాస్కరాచార్యుడి ‘బీజగణితం’లో తెలియని సంఖ్యలకు కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలైన కా, నీ, పీ వాడారు. నలుపు, నీలం, పసుపు అన్నమాట. ఏ పేరు పెట్టినా, దాని వెనక ఉండేది సంఖ్యే.

రెండోది, మాటల వరుసనే సమీకరణంగా రాసేయడం. ‘అబ్బాయిల సంఖ్య అమ్మాయిల సంఖ్య కంటే 4 ఎక్కువ’ అంటే అబ్బాయిలు ఎక్స్, అమ్మాయిలు వై అయినప్పుడు ఎక్స్ = వై + 4. చాలామంది 4ను ఎక్స్ పక్కన పెట్టేస్తారు. “ఎవరు ఎక్కువ? తక్కువున్న వైపు ఎంత కలిపితే సమానం అవుతుంది?” అని అడగండి చాలు.

మూడోది వయసుల లెక్కల్లో వస్తుంది. ‘ఐదేళ్ల క్రితం’ అనగానే తండ్రి వయసులోంచి ఐదు తీసి, కొడుకు వయసును అలాగే వదిలేస్తారు. కొడుక్కీ అప్పుడు ఐదేళ్లు తక్కువే కదా!

ఈ మూడింటిలో ఏది జరిగినా పిల్లలకు లెక్కలు రావని కాదు. చదవడంలో తొందరపడ్డారంతే. బోర్డు పరీక్షల్లో స్టెప్పులకూ మార్కులుంటాయి. చివరి అంకె తప్పినా, అనుకున్న వాక్యం, రాసిన సమీకరణం సరిగ్గా ఉంటే కొన్ని మార్కులు నిలుస్తాయి. మొత్తం మనసులో చేసి జవాబు ఒక్కటే రాసే పిల్లలు ఆ మార్కులు వదులుకుంటున్నట్టే.

సగం సరిచూస్తే సరిపోదు

ఇది బాగా చదివే పిల్లలు కూడా చేసే తప్పు. కాస్త నెమ్మదిగా చదవండి.

3ఎక్స్ – 2వై = 6

3ఎక్స్ + వై = 15

మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి. –2వై లోంచి వై తీస్తే –3వై. కుడివైపు 6 లోంచి 15 తీస్తే –9. కాబట్టి వై = 3. తర్వాత ఎక్స్ = 4.

తొందరలో గుర్తు మార్చడం మరిచిపోయి –2వై + వై = –వై అని రాశారనుకోండి. అప్పుడు వై = 9 వస్తుంది. దాన్ని రెండో సమీకరణంలో పెడితే 3ఎక్స్ + 9 = 15, ఎక్స్ = 2. ఇప్పుడు అదే రెండో సమీకరణంలో సరిచూస్తే 6 + 9 = 15. సరిపోయింది! పిల్లలు టిక్కు పెట్టుకుని ముందుకెళ్లిపోతారు.

అది సరిపోక ఏమవుతుంది? ఎక్స్‌ను కనుక్కున్నదే ఆ సమీకరణంలోంచి. తప్పు పట్టుకోవాలంటే మొదటి సమీకరణంలో పెట్టాలి. 6 – 18 = –12. కావలసింది 6. తప్పు అక్కడ బయటపడుతుంది. కాబట్టి పిల్లలకు చెప్పాల్సిన మాట “సరిచూసుకో” అని మాత్రమే కాదు, “రెండింటిలోనూ సరిచూసుకో” అని. అర నిమిషం కూడా పట్టదు. రాత్రి ముప్పై లెక్కలు సరిచూడకుండా చేయడం కంటే, పది లెక్కలు చేసి పదీ రెండు చోట్లా సరిచూసుకోవడం మేలు.

ఆప్షన్ల దారి గురించి ఒక మాట

ఫౌండేషన్ క్లాసుల్లో నాలుగు ఆప్షన్లూ సమీకరణాల్లో పెట్టి చూసి జవాబు గుర్తించడం పిల్లలు త్వరగా పట్టేస్తారు. పోటీ పరీక్షలో సమయం ఆదా అవుతుంది. దాన్ని మేమూ తప్పుపట్టం. కానీ ఆ దారి ఆప్షన్లు ఉన్నంతవరకే నడుస్తుంది. బోర్డు పేపర్లో నాలుగైదు మార్కుల ప్రశ్నకు ఆప్షన్లుండవు. అందుకే ఈ పాఠం అయ్యేవరకు ఇంట్లో చేసే లెక్కలు ఆప్షన్లు లేకుండా చేయనివ్వండి. షార్ట్‌కట్ తర్వాత నేర్చుకోవచ్చు.

ఈ పాఠం ఇక్కడితో అయిపోదు. ఇంటర్‌లో తెలియనివి మూడవుతాయి. అక్కడ మాత్రికల రూపంలో ఇదే పని చేస్తారు. ఫిజిక్స్‌లో కిర్కాఫ్ నియమాలతో కరెంటు లెక్కలు చేసేటప్పుడు, కెమిస్ట్రీలో రసాయన సమీకరణాలు తుల్యం చేసేటప్పుడు మళ్లీ ఇదే ఎదురవుతుంది. ఆసుపత్రిలో సీటీ స్కాన్ వెనక ఉన్న ఆలోచనకూ దీనితో సంబంధముంది. ఒక్కో ఎక్స్‌రే కిరణం కొలత ఒక బిల్లు లాంటిది. అలాంటి ఎన్నో బిల్లుల నుంచి శరీరం లోపలి ఒక్కో చోటు విలువను కంప్యూటర్ లెక్కకడుతుంది. బైపీసీ తీసుకుని డాక్టరు కావాలనుకునే పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఈ వారం ఇంట్లో

రోజుకు ఒకటి చాలు. భోజనాల దగ్గర నోటితో మొదలుపెట్టి, తర్వాత కాగితం మీద రాయించండి.

1. ఎగ్జిబిషన్‌కు ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు వెళ్తే టికెట్లు 190 రూపాయలు. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలు వెళ్తే 160. ఒక్కో టికెట్ ఎంత?

2. ఒక క్యాబ్‌లో ఎక్కగానే పడే స్థిర చార్జీ కొంత, ఆపై కిలోమీటరుకు ఇంత అని ఉంది. 8 కిలోమీటర్లకు 150, 12 కిలోమీటర్లకు 210 అయింది. రెండు చార్జీలూ ఎంతెంత?

3. మూడు పెన్నులు, రెండు నోటుబుక్కులు 110 రూపాయలు. ఆరు పెన్నులు, నాలుగు నోటుబుక్కులు 220. పెన్ను ధర ఎంత?

4. మీ ఇంటి కిరాణా బిల్లులు రెండు తీసి, ధరలు కనబడకుండా మడిచి, ఇలాంటి లెక్క ఒకటి మీ పిల్లల్నే తయారుచేయమనండి. లెక్క తయారుచేయగలిగిన పిల్లలకు లెక్క అర్థమైనట్టే.

పక్కన కూర్చున్నప్పుడు మీరు అడగాల్సినవి మూడే ప్రశ్నలు. “ఇందులో మనకు తెలియనివి ఏమిటి?” “వాటి గురించి ఎన్ని విషయాలు చెప్పారు?” “రెండు సమీకరణాల్లోనూ సరిచూశావా?” “ఆన్సర్ వచ్చిందా?” అన్న ప్రశ్న వీటి తర్వాతే.

వీటిలో మొదటి ప్రశ్న దగ్గరే మీ అబ్బాయో అమ్మాయో ఆగిపోతుంటే, డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి: ‘సాధించడం వస్తోంది, సమీకరణం రాయడం దగ్గర ఆగుతోంది’ అని. ‘మ్యాథ్స్‌లో వీక్’ అని రాస్తే మా టీచర్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఈ ఒక్క వాక్యంతో తెలుస్తుంది. ఎంపీసీయా, బైపీసీయా అన్న మాట ఆ తర్వాత నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

జవాబులు: 1. పెద్దల టికెట్ 50, పిల్లల టికెట్ 20. 2. స్థిర చార్జీ 30, కిలోమీటరుకు 15. 3. చెప్పలేం. రెండో బిల్లు మొదటిదానికి రెట్టింపే, కొత్త సమాచారం లేదు. “చెప్పలేం” అని ధైర్యంగా అని, ఎందుకో చెప్పిన పిల్లలకు పూర్తి మార్కులు వేయండి.

– గణిత విభాగం